ఏడు తరాలు చూసినా తెలియనిది: స్కిజోఫ్రీనియా, జన్యువుల్లోని తేడాలు

హైదరాబాద్‌లో పెళ్ళి సంబంధం కలుపుకునే ముందు చదువు, ఉద్యోగం, సొంతిల్లు, జాతకం అన్నీ మాట్లాడుకున్నాక గొంతు తగ్గించి అడిగే ప్రశ్న ఒకటి మిగిలి ఉంటుంది. "వాళ్ళ పెదనాన్నకి మతి సరిగ్గా ఉండేది కాదటగా, నిజమేనా?" మధ్యవర్తి నీళ్ళు నమిలితే చాలు, ఆ సంబంధం ఇక ముందుకు కదలదు. అసలు కారణం ఎవరూ చెప్పరు, జాతకాలు కుదరలేదని కబురు పంపుతారు. అవతలి ఇంట్లో అక్కకో తమ్ముడికో స్కిజోఫ్రీనియా ఉంటే మందుల చీటీ కూడా బీరువాలో చీరల కింద దాచుకుంటారు. ఎర్రగడ్డకు వెళ్ళే దారిలో తెలిసినవాళ్ళు ఎదురవుతారేమోనని బెంగపడతారు. ఎర్రగడ్డలో ఉన్నది ప్రభుత్వ మానసిక వైద్యశాల, వేలమందికి నయం చేసే చోటు. ఈ ఊళ్ళో ఆ పేట పేరే తిట్టుగా మారిపోయింది.

"వంశంలో ఉంది" అనే మాటకు సైన్సు కూడా తోడుందని చాలామంది నమ్ముతారు. ఆ నమ్మకంలో సగం నిజం ఉంది. స్కిజోఫ్రీనియా రావడంలో జన్యువుల పాత్ర చాలా పెద్దది, దాన్ని తక్కువ చేసి చెప్పడం ఎవరికీ మేలు చేయదు. కానీ గత పదిహేనేళ్ళుగా లక్షలమంది డీఎన్‌ఏను చదివి శాస్త్రవేత్తలు తెలుసుకున్నదాన్ని, పెళ్ళి మాటల్లో ఆ మాటకు ఇచ్చే అర్థాన్ని పక్కపక్కన పెట్టి చూస్తే రెండూ ఎక్కడా కలవవు.

ముందు జబ్బు గురించి రెండు మాటలు. ఎవరూ లేకపోయినా గొంతులు వినిపించడం, ఎవరో తనను వెంటాడుతున్నారనో తన ఆలోచనలు బయటికి పాకిపోతున్నాయనో గట్టిగా నమ్మడం, మాట పొంతన తప్పడం, మెల్లగా మనుషులకు దూరమై పనుల మీద ఆసక్తి చచ్చిపోవడం దీని లక్షణాలు. ఒకే మనిషిలో ఇద్దరు మనుషులు ఉండటమని సినిమాలు చూపించేది ఈ జబ్బు కాదు. స్విట్జర్లాండ్ వైద్యుడు యూజెన్ బ్లాయిలర్ 1908లో ఈ పేరు పెట్టాడు. నూటికి సుమారు ఒకరికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. కోటి మంది నివసించే హైదరాబాద్ లాంటి నగరంలో ఆ లెక్క దాదాపు లక్ష కుటుంబాలను తాకుతుంది. ఇంత మామూలుగా ఉండే జబ్బు ఏవో కొన్ని వంశాలకే పరిమితమై ఉండటం కుదిరే పని కాదు.

ఇక బంధుత్వాల లెక్క. డెన్మార్క్‌లో పుట్టిన ప్రతి బిడ్డ ఆరోగ్య వివరాలూ జాతీయ రిజిస్టర్లలో ఉంటాయి. 2010లో వాటిని తిరగేసి చూస్తే, తల్లిదండ్రుల్లో ఎవరికీ స్కిజోఫ్రీనియా లేని పిల్లల్లో ఒక శాతం లోపు, ఒకరికి ఉన్న పిల్లల్లో 7 శాతం, ఇద్దరికీ ఉన్న పిల్లల్లో 27 శాతం మందికి ఆ జబ్బు వచ్చింది. అంతకు ముందు యూరప్ కుటుంబాల మీద జరిగిన అధ్యయనాల్లో ఈ అంకెలు కొంచెం ఎక్కువగా ఉండేవి: తల్లిదండ్రుల్లో ఒక్కరికి ఉంటే 13 శాతం, తోబుట్టువుకు ఉంటే 9 శాతం, పెదనాన్నకో మేనమామకో ఉంటే 4 శాతం, వాళ్ళ పిల్లలకు ఉంటే 2 శాతం. ఆ పాత లెక్కనే తీసుకున్నా, పెదనాన్నకు జబ్బు ఉన్న అమ్మాయిలు వందమంది ఉంటే అందులో 96 మందికి ఆ జబ్బు రాదు. తండ్రికే ఉన్నా, ఏ లెక్క చూసినా 100 మంది పిల్లల్లో 87 నుంచి 93 మంది ఆ జబ్బు లేకుండానే బతుకుతారు.

దీనికి తిరగేసిన లెక్క ఇంకా ముఖ్యం. స్కిజోఫ్రీనియా ఉన్నవాళ్ళలో ఎంతమందికి దగ్గర బంధువుల్లో ఆ జబ్బు ఉంది? పది మందిలో దాదాపు తొమ్మిది మందికి తల్లికీ లేదు, తండ్రికీ లేదు. తాతలు, మేనమామలు, బాబాయిలు, పిన్నులు అందరినీ కలుపుకున్నా 60 శాతం పైగా రోగుల కుటుంబాల్లో ఇంకెవరికీ ఉండదు. వంశం "శుభ్రంగా" ఉందని నిర్ధారించుకుని చేసుకున్న పెళ్ళిళ్ళలోంచే ఈ జబ్బు ఉన్న పిల్లల్లో ఎక్కువమంది పుడుతున్నారు.

అటు ఏడు తరాలు, ఇటు ఏడు తరాలు చూడాలని పెద్దల మాట. ఏడు తరాల వెనక్కి వెళ్తే ఒక మనిషికి 128 మంది పూర్వీకులు తేలతారు (మేనరికాలు ఉంటే ఇంకొంచెం తక్కువ). వాళ్ళలో ఒక్కొక్కరి నుంచి ఇప్పటి మనిషికి అందే డీఎన్‌ఏ సగటున ఒక శాతం కన్నా తక్కువ. ఆ 128 మందిలో ఎవరికి మతి చలించిందో కనుక్కోగలిగినా దానివల్ల తెలిసేది దాదాపు ఏమీ లేదు.

మూడు జన్యువుల వరి, వేల తేడాల మెదడు

జన్యువు అనగానే మనసులో మెదిలేది ఒక జన్యువు, ఒక గుణం. ఆ ఊహకు కారణం లేకపోలేదు, అలా పనిచేసే సంగతులు నిజంగానే ఉన్నాయి. హైదరాబాద్‌లోనే ఒక చక్కటి ఉదాహరణ ఉంది. బాపట్లలో పుట్టిన సాంబ మసూరి వరికి రుచి ఎంత ఉందో ఎండాకు తెగులు బెడద అంత ఉండేది. హబ్సిగూడలోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ, రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థ కలిసి ఆ రకంలోకి మూడు తెగులు నిరోధక జన్యువులను సంకరణంతో తెచ్చి, మెరుగైన సాంబ మసూరిని 2008లో విడుదల చేశాయి. మూడంటే మూడు జన్యువులతో పైరు తెగులును తట్టుకుంది. మనుషుల్లో తలసీమియా, సికిల్ సెల్ రక్తహీనత కూడా ఇలాంటివే. ఒకే చోట తప్పు ఉంటుంది, దాన్ని పరీక్షలో పట్టుకోవచ్చు.

స్కిజోఫ్రీనియాకు కూడా అలాంటి జన్యువు దొరుకుతుందని శాస్త్రవేత్తలు రెండు దశాబ్దాలు వెతికారు. స్కాట్లాండ్‌లో ఒక పెద్ద కుటుంబంలో ఒకటో క్రోమోజోమ్ (డీఎన్‌ఏ చుట్టుకుని ఉండే పోగు) ముక్క, పదకొండో క్రోమోజోమ్ ముక్క చోటు మార్చుకోవడం మానసిక జబ్బులతో ముడిపడి ఉందని 1990లో బయటపడింది. ఆ తెగిన చోట ఉన్న జన్యువుకు 2000లో డిస్క్1 అని పేరు పెట్టారు. పెద్ద ఆశలు పెట్టుకున్నారు. ఆ కుటుంబం వరకు అది నిజమే, మిగతా రోగుల్లో మాత్రం ఆ జన్యువు పాత్ర పెద్దగా కనబడలేదు. అప్పట్లో కొన్ని వందల మంది రక్తనమూనాలతో "స్కిజోఫ్రీనియా జన్యువు" దొరికిందని వచ్చిన వార్తల్లో ఎక్కువ భాగం పెద్ద సంఖ్యలో చూసేసరికి నిలబడలేదు.

దారి మారింది నమూనాల సంఖ్య పెంచాకే. మనిషి డీఎన్‌ఏలో సుమారు 300 కోట్ల అక్షరాలు ఉంటాయి. ప్రామాణికంగా పెట్టుకున్న ప్రతితో పోలిస్తే ఏ మనిషిలోనైనా 40 నుంచి 50 లక్షల చోట్ల తేడా కనిపిస్తుంది. ఇందులో చాలావరకు ఒక్క అక్షరం మార్పే. ఆ తేడాల్లో ఏవి రోగుల్లో కాస్త ఎక్కువగా, మిగతావాళ్ళలో కాస్త తక్కువగా ఉన్నాయో డీఎన్‌ఏ మొత్తం గాలించి చూడటం కొత్త పద్ధతి. చాలా దేశాల పరిశోధకులు కలిసి 2014లో దాదాపు 37 వేల మంది రోగులను, 1,13,000 మంది ఇతరులను పోల్చి 108 చోట్లు గుర్తించారు. 2022లో రోగుల సంఖ్య 76,755కి, ఇతరుల సంఖ్య 2,43,649కి చేరింది. గుర్తించిన చోట్లు 287 అయ్యాయి. ఇవి గట్టిగా రుజువైనవి మాత్రమే. లెక్కకు చిక్కనంత చిన్న ప్రభావం ఉన్నవి ఇంకా వేలల్లో ఉంటాయని అంచనా.

ఆ 287 చోట్లలో ఒక్కోటి పెంచే ప్రమాదం ఎంత? చాలావాటి విషయంలో ఒకటికి 1.05, 1.1 రెట్లు. అంటే నూటికి ఒకరికి రావాల్సింది నూటికి 1.05 మందికి వస్తుంది. ఇంకో ముఖ్యమైన సంగతి, ఈ తేడాలు అరుదైనవి కావు. జనాభాలో మూడో వంతు, సగం మందిలో ఉండేవి. ఈ వ్యాసం చదివే ప్రతి ఒక్కరిలోనూ, సంబంధం అడగడానికి వచ్చినవాళ్ళలోనూ, ఆ ప్రశ్నకు నీళ్ళు నమిలిన మధ్యవర్తిలోనూ వీటిలో వందలూ వేలూ ఉంటాయి. ఎవరిలో ఎన్ని అన్నదే తేడా. స్కిజోఫ్రీనియా జన్యువులు ఉన్న వంశం, లేని వంశం అంటూ రెండు లేవు.

అలుగు పారే చెరువు

మన ఊళ్ళ చెరువును తలుచుకుంటే ఇది తేలిగ్గా బోధపడుతుంది. చెరువులోకి ఒక్క ఏరు రాదు. పదుల కొద్దీ వాగులు, వంకలు, పొలాల మీది నీళ్ళు వచ్చి చేరతాయి. కట్టలో అలుగు ఎత్తు దాకా నీళ్ళు నిండేవరకు బయటికి ఏమీ కనబడదు. ఆ ఎత్తు దాటిన రోజు అలుగు దూకుతుంది. జన్యువుల్లోని వేల చిన్న తేడాలు పుట్టుకతో ఆ చెరువులో ఉండే నీళ్ళు. కొందరికి అడుగున, కొందరికి సగం దాకా, చాలా కొద్దిమందికి అలుగు అంచు దాకా. ఆ తర్వాత బతుకులో పడే వానలు వేరు.

ఆ వానలు ఏవో కొంతవరకు తెలుసు. తల్లి కడుపులో ఉండగా తీవ్రమైన పోషకాహార లోపం వాటిలో ఒకటి: 1944-45 చలికాలంలో నెదర్లాండ్స్‌లో వచ్చిన కరువులోనూ, 1959-61 మధ్య చైనాలో వచ్చిన మహా కరువులోనూ కడుపున పడ్డ పిల్లల్లో స్కిజోఫ్రీనియా సుమారు రెట్టింపైంది. కాన్పులో బిడ్డకు ఊపిరాడకపోవడం, చిన్నతనంలో హింస, వలస వెళ్ళిన చోట ఒంటరితనం కూడా ఆ వరసలోవే. వీటిలో అన్నింటికన్నా మన చేతిలో ఉన్నది గంజాయి. యూరప్‌లోని పలు నగరాల్లో చేసిన అధ్యయనం ఒకటి 2019లో వెలువడింది. రోజూ గాఢమైన గంజాయి పీల్చేవాళ్ళలో, ఎప్పుడూ ముట్టనివాళ్ళతో పోలిస్తే, స్కిజోఫ్రీనియా తరహా జబ్బులు దాదాపు ఐదు రెట్లు ఎక్కువ కనిపించాయి. అమీర్‌పేట హాస్టళ్ళ నుంచి గచ్చిబౌలి ఫ్లాట్ల దాకా గంజాయిని సరదాగా చూసే ఈడు పిల్లలకు ఈ ఒక్క అంకె చేరితే చాలా మేలు. ఇంట్లో అన్నకో అమ్మకో ఆ జబ్బు ఉన్న కుర్రాడికైతే ఇది తప్పకుండా చెప్పాలి. అతని చెరువులో నీటిమట్టం మొదటినుంచే కాస్త పైన ఉండొచ్చు కాబట్టి.

జన్యువులు ఒక్కటే అంతా తేల్చవనడానికి ఒకేలాంటి కవలల సంగతి రుజువు. ఇద్దరి డీఎన్‌ఏ ఒకటే. అయినా డెన్మార్క్ కవలల మీద 2018లో వచ్చిన లెక్కలో, ఒకరికి స్కిజోఫ్రీనియా ఉంటే రెండోవారికి కూడా ఉన్నది మూడింట ఒక వంతు జంటల్లోనే. వేరు వేరు అండాల కవలల్లో అది 7 శాతం. ఈ రెండు అంకెల మధ్య తేడా నుంచే ఈ జబ్బుకు వారసత్వ పాలు 79 శాతం అని లెక్కగట్టారు. ఇక్కడే ఎక్కువమంది పొరబడతారు. 79 శాతం అంటే రోగి బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 79 శాతం అని కాదు. జనంలో ఒకరికీ ఇంకొకరికీ మధ్య ఈ జబ్బు వచ్చే ప్రమాదంలో ఉన్న హెచ్చుతగ్గుల్లో జన్యువుల వాటా ఎంత అన్నది మాత్రమే ఆ అంకె. ఆ హెచ్చుతగ్గులు వేల తేడాలుగా చెదిరిపోయి ఉన్నాయి కాబట్టి, తల్లి నుంచి సగం, తండ్రి నుంచి సగం అందుకునేటప్పుడు పేకముక్కలు కలిపినట్టు ప్రతి బిడ్డకూ కొత్త పంపకం జరుగుతుంది. రోగి బిడ్డలకు 7 శాతమో 13 శాతమో మాత్రమే ఎందుకన్నదానికి ఈ పంపకమే జవాబు.

ఒక్క తేడాయే పెద్ద దెబ్బ తీసే సందర్భాలు కూడా ఉన్నాయి, కానీ అరుదు. 22వ క్రోమోజోమ్‌లో ఒక చిన్న ముక్క లేకుండా కొన్ని వేల జననాల్లో ఒకరు పుడతారు. గుండెలో లోపం, అంగిలి చీలిక, రక్తంలో కాల్షియం తగ్గడం, చదువులో వెనకబడటం వాళ్ళలో తరచుగా కనిపిస్తాయి. పెద్దయ్యాక వాళ్ళలో దాదాపు నాలుగో వంతు మందికి స్కిజోఫ్రీనియా లేదా దానికి దగ్గరి జబ్బు వస్తుంది. 24 వేల మందికి పైగా రోగుల జన్యువులను అక్షరం అక్షరం చదివిన మరో అధ్యయనం 2022లో పది జన్యువులను పట్టుకుంది. సెట్‌డీ1ఏ, గ్రిన్2ఏ వాటిలోవే. వీటిలో తీవ్రమైన లోపం ఉంటే ప్రమాదం 3 నుంచి 50 రెట్ల దాకా పెరుగుతుంది. అయితే రోగుల్లో ఇలాంటి లోపాలు ఉన్నవాళ్ళు బహు కొద్దిమంది. అందుకే అందరికీ జన్యు పరీక్ష రాయడంలో అర్థం లేదు. జబ్బుతో పాటు పుట్టుకతో గుండె లోపమో బుద్ధిమాంద్యమో ఉన్నప్పుడు క్రోమోజోమ్ పరీక్ష నిజంగా పనికొస్తుంది. అది చూసి చెప్పగల వైద్య జన్యుశాస్త్ర విభాగం పంజాగుట్టలోని నిమ్స్‌లో ఉంది.

"చదువు ఎక్కువై మతి పోయింది"

ఇంటర్‌లో ర్యాంకులు తెచ్చుకున్న పిల్లవాడు బీటెక్ రెండో ఏట గదిలోంచి బయటికి రావడం మానేస్తాడు. గోడ అవతల తన గురించే మాట్లాడుకుంటున్నారంటాడు. ఇంటివాళ్ళు మొదట చదువు ఒత్తిడి అంటారు, తర్వాత ఎవరో చేతబడి చేశారంటారు. ఈ జబ్బు ఎక్కువగా 18 నుంచి 30 ఏళ్ళ మధ్య బయటపడటం వల్ల ఆ వయసులో జరిగిన ప్రతి సంఘటన మీదా నింద పడుతుంది, పరీక్షో ప్రేమో హాస్టల్ తిండో ఏదో ఒకటి.

ఆ వయసులోనే ఎందుకన్నదానికి జన్యువుల నుంచి ఒక జాడ దొరికింది. డీఎన్‌ఏ మొత్తంలో స్కిజోఫ్రీనియాతో అన్నింటికన్నా బలంగా ముడిపడ్డ చోటు ఆరో క్రోమోజోమ్‌లో, రోగనిరోధక జన్యువులు గుంపుగా ఉండే చోట ఉంది. దానికి ఒక ముఖ్య కారణం సీ4 అనే జన్యువులోని తేడాలని అమెరికా జన్యు శాస్త్రవేత్త స్టీవ్ మెకారల్ బృందం 2016లో చూపించింది. సీ4 ఒంట్లో సూక్ష్మజీవుల మీద "దీన్ని తీసెయ్యండి" అని గుర్తు పెట్టే పని చేస్తుంది. మెదడులో అది నాడీకణాల మధ్య కలయికల మీద కూడా అలాంటి గుర్తే పెడుతుందని ఎలుకల మీది ప్రయోగాల్లో తేలింది. కౌమారంలో మెదడు అక్కర్లేని కలయికలను కత్తిరించుకుంటుంది. నారుమడిలో ఒత్తుగా మొలిచినదాన్ని పలచన చేసినట్టు అది ఆరోగ్యకరమైన పనే. సీ4ఏ రకం ఎక్కువగా తయారయ్యే జన్యు తేడా ఉన్నవాళ్ళలో ఆ కత్తిరింపు మోతాదు మించుతుందేమోనని అనుమానం. ఇది కూడా ప్రమాదాన్ని పెంచేది కొద్దిగానే, కానీ ఆ వయసుకూ జబ్బుకూ మధ్య ఇన్నాళ్ళూ అర్థం కాని ముడి ఒకటి వదులైంది. మెదడులో కబుర్లు మోసే రసాయనం డోపమిన్. 2014లో దొరికిన చోట్లలో ఆ డోపమిన్‌ను నాడీకణం అందుకునే తలుపును తయారుచేసే డీఆర్‌డీ2 జన్యువు కూడా ఉండటం ఇంకో విశేషం. 1950ల నుంచి వాడుతున్న మందులు పనిచేసేది ఆ తలుపు మీదనే. మందులు ముందు వచ్చి, జన్యువుల్లో దాని జాడ అరవై ఏళ్ళ తర్వాత కనిపించింది.

అయితే ఈ జబ్బు ఉన్నవాళ్ళు పిల్లల్ని తక్కువగా కంటారు. 2013లో స్వీడన్ లెక్కల ప్రకారం మగవాళ్ళకు మిగతావాళ్ళతో పోలిస్తే నాలుగో వంతు లోపు, ఆడవాళ్ళకు సగం లోపు పిల్లలే. మరి జబ్బు తరతరానికీ తగ్గిపోవాలి కదా? తగ్గలేదు. ఒక్కో తేడా ప్రభావం మరీ చిన్నది కావడంతో అది జనాభాలోంచి ఏరివేతకు గురికాదు, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ ద్వారా సాగిపోతూ ఉంటుంది. దీనికి తోడు తల్లిదండ్రుల్లో లేని కొత్త మార్పులు ప్రతి బిడ్డలోనూ పుడతాయి. ఐస్‌లాండ్‌లో 2012లో చేసిన లెక్కలో 20 ఏళ్ళ తండ్రి నుంచి బిడ్డకు సుమారు 25 కొత్త మార్పులు అందితే, 40 ఏళ్ళ తండ్రి నుంచి సుమారు 65 అందాయి. పెద్ద వయసు తండ్రుల పిల్లల్లో స్కిజోఫ్రీనియా కాస్త ఎక్కువగా కనిపించడానికి ఇదొక కారణం కావచ్చు.

వంశాన్ని "శుద్ధి" చేయాలన్న ఆలోచన ఎంత దారుణమో, ఎంత వృథానో చరిత్ర చూపించింది. జర్మనీలో నాజీలు 1933 జూలైలో బలవంతపు వంధ్యీకరణ (పిల్లలు పుట్టకుండా చేయడం) చట్టం తెచ్చారు, అందులో స్కిజోఫ్రీనియాను పేరు పెట్టి రాశారు. తర్వాత ఆసుపత్రుల్లోనే రోగులను చంపారు. ఆ జబ్బు ఉన్నవాళ్ళలో 2 లక్షల మందికి పైగా అలా వంధ్యీకరణకో హత్యకో గురయ్యారని చరిత్రకారుల అంచనా. యుద్ధం తర్వాతి దశాబ్దాల్లో అదే దేశంలో కొత్తగా జబ్బు పడినవారి సంఖ్య ఏమీ తగ్గలేదు.

మేనరికం మాట

తెలుగు ఇళ్ళలో తర్వాత వచ్చే ప్రశ్న ఇదే. మేనమామను చేసుకుంటే పుట్టే బిడ్డలో తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ ఒకే పూర్వీకుడి ముక్క అందే భాగం సగటున ఎనిమిదో వంతు. మేనబావను చేసుకుంటే పదహారో వంతు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటిగా అందే జన్యువు రెండు ప్రతులూ చెడితేనే వచ్చే జబ్బులకు ఇది పెద్ద ప్రమాదం, ఆ కారణంతో మేనరికం వద్దనడం సరైన సలహాయే. స్కిజోఫ్రీనియా ప్రధానంగా ఆ కోవలోది కాదు. దీనిలో ఒక్కో ప్రతీ కూడికలో చేరుతుంది, రెండూ కలవాల్సిన పని లేదు. అయితే ఉమ్మడి బంధువుకు ఆ జబ్బు ఉంటే భార్యాభర్తలిద్దరూ అదే మూట నుంచి కొంత అందుకుని ఉండొచ్చన్నది మాత్రం గుర్తుంచుకోవాలి.

మేనరికం కన్నా పెద్ద సంగతి, కులంలోపలి పెళ్ళి. దక్షిణాసియాలో 260కి పైగా సమూహాల డీఎన్‌ఏను సీసీఎంబీ శాస్త్రవేత్త కుమారస్వామి తంగరాజ్, హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ రైక్ తదితరులు పోల్చిన అధ్యయనం 2017లో వచ్చింది. అందులో 81 సమూహాలు ఎంత కొద్దిమంది పూర్వీకుల నుంచి విస్తరించాయంటే, జన్యు జబ్బుల పరిశోధనలో తరచూ చెప్పే ఫిన్లాండ్ జనాన్ని, అష్కెనాజీ యూదులను కూడా ఈ విషయంలో దాటిపోయాయి. తెలుగు నేల మీది వైశ్యుల ఉదాహరణ వైద్యులందరికీ తెలుసు. మత్తు ఇచ్చేటప్పుడు కండరాలు సడలడానికి వాడే ఒక మందు వాళ్ళలో కొందరికి శరీరంలో త్వరగా విచ్ఛిన్నం కాదు, అందుకే ఆపరేషన్‌కు ముందే ఆ సంగతి అడుగుతారు. అది ఒక్క జన్యువు చేసే పని. ఇలాంటి సమూహాల్లో స్కిజోఫ్రీనియాకు సంబంధించిన అరుదైన, బలమైన తేడాలు దాగి ఉంటే వాటిని పట్టుకోవడం మిగతా చోట్ల కన్నా ఇక్కడ సులువు. లోకానికి పనికొచ్చే జవాబు ఒకటి తెలుగువాళ్ళ డీఎన్‌ఏలో ఉండి ఉండొచ్చు.

కానీ వెతికినవాళ్ళు తక్కువ. 2022 నాటి ఆ మహా అధ్యయనంలో నూటికి 74 మంది యూరప్ మూలాలవాళ్ళు, 17 మందికి పైగా తూర్పు ఆసియావాళ్ళు, మిగతావాళ్ళు ఆఫ్రికన్ అమెరికన్లు, లాటిన్ అమెరికా మూలాలవాళ్ళు. ప్రపంచ జనాభాలో నాలుగో వంతు ఉన్న దక్షిణాసియాకు అందులో లెక్కించదగ్గ వాటా లేదు. వేల తేడాలను కూడి "మీ ప్రమాదం ఇంత" అని చెప్పే స్కోర్లు ఆ నమూనాల నుంచే పుడతాయి. యూరప్ వాళ్ళలోనే ఆ స్కోరు జబ్బు హెచ్చుతగ్గుల్లో సుమారు 7 శాతాన్ని మాత్రమే వివరిస్తుంది. వేరే మూలాల జనంలో అంతకన్నా తక్కువ. లాలాజలం తీసుకుని మానసిక జబ్బుల ముప్పు చెబుతామనే పరీక్ష కాగితం హైదరాబాద్‌లో ఎవరి చేతికి వచ్చినా, ఆ కొలబద్ద వాళ్ళ కోసం చేసింది కాదని తెలుసుకోవాలి. దాన్ని చూసి పెళ్ళో కాన్పో నిర్ణయించుకోవడం పొరపాటు.

మూల జీవశాస్త్రం అందరిలోనూ ఒకటేనన్నది మాత్రం ఊరట. తూర్పు ఆసియాలో 22 వేల మందికి పైగా రోగులతో 2019లో చేసిన అధ్యయనంలో, అక్కడి జన్యు ప్రభావాలు యూరప్ వాటితో దాదాపు పూర్తిగా సరిపోలాయి. అదే ఏడాది చెన్నైలోని స్కిజోఫ్రీనియా పరిశోధన సంస్థ స్కార్ఫ్ పరిశోధకులు ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలతో కలిసి సుమారు 3 వేల మంది భారతీయుల మీద చేసిన పరిశోధనలో, నియాసిన్ అనే బీ విటమిన్‌ను వాడుకునే జన్యువు దగ్గర ఒక తేడాను గుర్తించారు. అది ఇంకా పెద్ద సంఖ్యలో నిలబడాలి. దేశంలోని 80కి పైగా సమూహాల నుంచి 10 వేల మంది డీఎన్‌ఏను పూర్తిగా చదివిన జీనోమ్ ఇండియా పథకం వివరాలు 2025 జనవరిలో పరిశోధకులకు తెరిచారు, అందులో సీసీఎంబీ కూడా ఉంది. అయితే అది ఆరోగ్యవంతుల పటం. దాని పక్కన పెట్టి పోల్చడానికి ఈ జబ్బుతో బతుకుతున్న తెలుగువాళ్ళు వేలల్లో ముందుకు రావాలి.

ఇక్కడే మళ్ళీ పెళ్ళి మాట అడ్డొస్తుంది. హిందూ వివాహ చట్టం మానసిక వ్యాధి నిర్వచనంలో స్కిజోఫ్రీనియాను పేరు పెట్టి ప్రస్తావిస్తుంది. కానీ ఆ చట్టం చూసేది ఆ వ్యక్తి జబ్బు ఎంత తీవ్రంగా ఉందన్నదే, అన్నకో పెదనాన్నకో ఉందా అని కాదు. 2013లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి వెళ్ళిన ఒక కేసులో, ఆ జబ్బు ఉన్నంత మాత్రాన విడాకులు ఇవ్వలేమని, మందులతో అదుపులో ఉంటే మామూలు కాపురం సాధ్యమేనని సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. కోర్టు అంత స్పష్టంగా చెప్పినా భయం ఇళ్ళలోంచి పోలేదు. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో ఈ తరహా జబ్బులు ఉన్నవాళ్ళలో దాదాపు నాలుగింట మూడు వంతుల మందికి చికిత్స అందడం లేదని తేలింది. మందు తొందరగా మొదలుపెడితే కోలుకోవడం మెరుగని అందరికీ తెలిసినా, నెలలూ ఏళ్ళూ దర్గాలకూ భూతవైద్యుల దగ్గరికీ తిరగడంలోనే గడిచిపోతాయి. ఫోన్‌లో మాట్లాడి దారి తెలుసుకోవాలంటే ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416 ఉంది, తెలుగులోనే మాట్లాడొచ్చు.

దాచడం వల్ల జరిగే నష్టం ఒకటి పెద్దగా ఎవరి దృష్టికీ రాదు. మానసిక వైద్యుడు మొదటి రోజు కాగితం మీద మూడు తరాల కుటుంబ పటం గీస్తాడు. ఎవరికి ఏ వయసులో మొదలైంది, ఏ మందు పనిచేసింది, ఎవరికైనా పుట్టుకతో గుండె లోపం ఉందా అని అడుగుతాడు. ఏ మందుతో మొదలుపెట్టాలి, క్రోమోజోమ్ పరీక్ష అవసరమా, ఇంట్లో చిన్న పిల్లల విషయంలో దేన్ని గమనించాలి అన్నది కొంతవరకు ఆ పటం మీదే ఆధారపడుతుంది. పెళ్ళికావాల్సిన ఆడపిల్ల పక్కనే కూర్చుని ఉంటుంది. తల్లి ఒకసారి ఆమె వైపు చూసి, "మా వాళ్ళలో ఎవరికీ లేదండీ" అంటుంది. పెదనాన్న గుర్తు ఉండాల్సిన చోట వైద్యుడు ఖాళీ గడి గీసుకుని ముందుకు వెళ్తాడు.